పెరటి పని – మనసుకు పథ్యము

2020 మార్చి 25న లాక్‌డౌన్ ఆరంభమైనప్పుడు నరసరావుపేటలో నేనూ ఇంటికే పరిమితుడనైతిని. పది దినములకే ఆకలి మందగించినది, నిద్ర దూరమైనది. రోగులకు దినచర్య బోధించు నేనే దానిని విడిచితినని గ్రహించితిని.

మరునాటి ఉదయము వాము ఆకు మొక్క నుండి జానెడు కొమ్మ త్రుంచి, అడుగున రంధ్రమున్న కుండలో నాటితిని. మన్ను తడిగా ఉండవలెను, నీరు నిలువరాదు. పలనాటి వేసవిలో మధ్యాహ్నము నీడ అవసరము. నా భార్య పాత చీరలతో బొంత కుట్టనారంభించినది. రెండు నెలలకు ఆమె ఆ ఆకులతో బజ్జీలు వేయునాటికి నాకు ఆకలియు, నిద్రయు తిరిగివచ్చినవి.

ఇది కరోనాకు ఔషధము కాదు; ఆయాసము కలిగినవారు ఆసుపత్రికే పోవలెను. కాని ఏ కారణముననైనను ఇంటిపట్టున ఉండవలసిన పాఠకులు ఒక కొమ్మ నాటి, ప్రతిదినము ఒకే వేళకు నీరు పోయుడు. దినచర్య అక్కడనే మొదలగును.