ఇద్దరిలోనూ లోపాలుంటే ఓటు ఎవరికి?



ఒక ఎన్నికల ముందు, కె.గంగవరం మండలంలో జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు మమ్మల్ని ఆపాడు. పోటీలో ఉన్న ఇద్దరి లోపాలూ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పి, చివరికి ఇలా అడిగాడు: "మౌల్వీ గారూ! దొందూ దొందేనండీ. ఎవరికి వేసినా వాళ్లు చేసే పాపంలో మనకీ వాటా వస్తుంది కదా! ఇంట్లో కూర్చుంటే పోదా?"

ఈ ప్రశ్న ఆ ఒక్క సోదరుడిది కాదు. దైవభీతి ఉన్న చాలా మంది మనసుల్లో ఇదే ఉంది. కనుక దీన్ని షరీఅత్ వెలుగులో కాస్త వివరంగా తెలుసుకుందాం.

ఓటు అంటే ఏమిటి?

మారిఫుల్ ఖుర్ఆన్ వ్యాఖ్యాత హజ్రత్ ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మతుల్లాహి అలైహి) ఓటుకు మూడు కోణాలున్నాయని వివరించారు. మొదటిది, అది షహాదత్. అంటే, ఈ మనిషి ఈ పనికి తగినవాడని మనం ఇచ్చే సాక్ష్యం. రెండవది, అది సిఫారసు. మూడవది, అది వకాలత్. అంటే, మన తరఫున, మనతోపాటు మన ఊరి వాళ్లందరి తరఫున ఒకరిని ప్రతినిధిగా నిలబెట్టడం.

సాక్ష్యాన్ని దాచిపెట్టేవాని హృదయం పాపంతో కూడుకున్నదని దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది (అల్ బఖర: 283). మంచి సిఫారసు చేసినవానికి ఆ మంచిలో, చెడు సిఫారసు చేసినవానికి ఆ చెడులో భాగం ఉంటుందని కూడా చెప్పింది (అన్నిసా: 85). ఆ సోదరుని భయానికి ఆధారం ఈ రెండవ ఆయతే. అయితే మొదటి ఆయతును అతను మరిచాడు. తప్పుడు సాక్ష్యం ఎలా పాపమో, అవసరమైన చోట సాక్ష్యం చెప్పకుండా తప్పుకోవడం కూడా అలాగే పాపం.

రెండు నష్టాలు ఎదురైనప్పుడు

మరి ఇద్దరూ తగినవాళ్లు కానప్పుడు సాక్ష్యం ఎలా చెప్పాలి? ఫిఖ్‌హ్ పండితులు దీనికి ఒక సూత్రం చెప్పారు. రెండు నష్టాల్లో ఏదో ఒకటి తప్పదని తేలినప్పుడు చిన్నదాన్ని భరించి పెద్దదాన్ని తప్పించాలి. హనఫీ పండితులు ఇమామ్ ఇబ్ను నుజైమ్ (రహ్మతుల్లాహి అలైహి) 'అల్ అష్‌బాహ్ వన్నజాయిర్'లో ఈ సూత్రాన్ని చర్చించారు. ఉస్మానియా ఖిలాఫత్ కాలపు న్యాయస్మృతి 'మజల్లా'లో కూడా ఇది ఉంది.

దీనికి మూలం ఖుర్ఆన్‌లోనే కనిపిస్తుంది. సూరా కహఫ్‌లో హజ్రత్ ఖిజర్ (అలైహిస్సలాం) పేదల పడవకు చిల్లు పెట్టారు. కోటిపల్లి రేవులో పడవ మీద బతికేవానిని అడగండి, పడవకు చిల్లు పడడమంటే ఎంత నష్టమో చెబుతాడు. కానీ వెనుక నుంచి ఒక రాజు బాగున్న ప్రతి పడవనూ బలవంతంగా లాక్కుంటూ వస్తున్నాడు. చిల్లు పడిన పడవను బాగు చేసుకోవచ్చు. పోయిన పడవ మళ్లీ రాదు.

అయితే ఈ సూత్రానికి మూడు షరతులున్నాయి. నష్టం నిజంగా తప్పనిదై ఉండాలి. మంచివాడు మూడోవాడు బరిలో ఉంటే ముందు అతన్ని చూడాలి. తూకం నిజాయితీగా ఉండాలి. అవసరమైనంత మేరకే దీన్ని వాడుకోవాలి. చిన్న చెడు మన ఓటుతో మంచిగా మారిపోదు.

ఏ లోపం పెద్దది?

ఇమామ్ అహ్మద్ ఇబ్ను హంబల్ (రహ్మతుల్లాహి అలైహి)ను ఒకసారి ఇద్దరు సేనానుల గురించి అడిగారు. ఒకడు సమర్థుడు, కానీ పాపి. ఇంకొకడు పుణ్యాత్ముడు, కానీ బలహీనుడు. ఎవరి వెంట యుద్ధానికి వెళ్లాలి? సమర్థుని వెంటే వెళ్లమన్నారు ఇమామ్ గారు. అతని పాపం అతనికే, అతని బలం మాత్రం ప్రజలకు. రెండోవాని పుణ్యం అతనికే, అతని బలహీనత ప్రజలకు. ఈ మాటను ఇమామ్ ఇబ్ను తైమియా (రహ్మతుల్లాహి అలైహి) ఉదహరించారు.

దీనిని బట్టి, తనను మాత్రమే చెరుపుకునే లోపం వేరు, ప్రజలను చెరిపే లోపం వేరు. అభ్యర్థి మాటతీరు, వేషభాషల కన్నా అతని చేతికి అధికారం వస్తే ఎవరికి ఏం జరుగుతుందన్నది ముందు చూడాలి. ధర్మం, ప్రాణం, బుద్ధి, వంశం, ధనం అనే ఐదింటి రక్షణే షరీఅత్ ఉద్దేశమని ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) చెప్పారు. ఒకని వల్ల ఖజానాకు నష్టం, ఇంకొకని వల్ల ఊళ్లో రక్తపాతం జరిగే ప్రమాదం ఉంటే తూకం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పనక్కర లేదు.

తూకానికి సమాచారం కావాలి. అభ్యర్థి తన మీద ఉన్న కేసులు, ఆస్తులు, చదువు ఫారం 26 అఫిడవిట్‌లో రాసి ఇవ్వాలి. అది ఎవరైనా చూడవచ్చు. టీకొట్టు దగ్గర విన్నది సాక్ష్యం కాదు.

ఒక రాష్ట్రపతి ఎన్నిక

మన దేశ చరిత్రలో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. 1969 మే 3న రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్ గారు పదవిలో ఉండగానే మరణించారు. ఆ పదవికి జరిగిన పోటీలో ముఖ్యులైన ఇద్దరూ తెలుగువారే. కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు, స్వతంత్రునిగా నిలిచిన వి.వి.గిరి గారు. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ బలపరచిన సి.డి.దేశ్‌ముఖ్ గారు మూడోవారు. అంతరాత్మ చెప్పినట్టు ఓటు వేయమని నాటి ప్రధాని ఇందిరాగాంధీ తన పార్టీ వారిని కోరారు.

ఆగస్టు 20న లెక్కిస్తే గిరి గారికి మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769 వచ్చాయి. గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరికీ అంత రాలేదు. అప్పుడు రెండో ప్రాధాన్యాలు లెక్కపెట్టారు. చివరికి గిరి గారు 4,20,077, సంజీవరెడ్డి గారు 4,05,427 దగ్గర ఆగారు.

గమనించండి! తమ మొదటి ఇష్టం ఓడిపోయినవారు రెండో గడిలో రాసిన అంకెతో దేశాధినేత ఎవరో తేలింది. "నాకు నచ్చినవాడు లేడు కనుక మిగతా ఇద్దరూ ఒకటే" అనే మాటకు ఆ ఎన్నికే జవాబు.

మన శాసనసభ ఓటులో రెండో గడి లేదు. ఒక్క మీటే ఉంది. కాబట్టి ఆ రెండు లెక్కలూ మనం మనసులోనే వేసుకోవాలి. మనం పంపే ఎమ్మెల్యే రేపు రాష్ట్రపతి ఎన్నికలోనూ ఓటు వేస్తాడు. 2022లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఒక్కొక్కరి ఓటు విలువ 159.

కొన్ని సందేహాలు

'నోటా' నొక్కవచ్చా? 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ మీట వచ్చింది. అది అసమ్మతిని నమోదు చేస్తుంది గాని, ఫలితాన్ని మార్చదు. ఎంత తూచినా ఇద్దరి నష్టం సమానంగా తేలితే అది ఒక దారి. తూచే శ్రమ తప్పించుకోవడానికైతే కాదు.

డబ్బు తీసుకుని నచ్చినవానికే వేస్తే? లంచం ఇచ్చేవానినీ, తీసుకునేవానినీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) శపించారు (అబూదావూద్, తిర్మిజీ). సాక్ష్యానికి వెల కట్టిన క్షణమే అది సాక్ష్యం కాకుండా పోతుంది.

మనవాడు కదా అని వేస్తే? ఒక జాతి మీద ద్వేషం కూడా మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదని ఖుర్ఆన్ ఆజ్ఞ (అల్ మాయిదా: 8). ద్వేషానికి వర్తించేది అభిమానానికీ వర్తిస్తుంది. మీ సొంతవారికి వ్యతిరేకమైనా సరే న్యాయసాక్ష్యం చెప్పమని అన్నిసా సూరా 135వ ఆయతు కోరుతోంది.

మా అనుభవం

మదరసా చదువు ముగించుకుని వచ్చిన కొత్తలో మేము ఒక పంచాయతీ ఎన్నికలో ఓటు వేయలేదు. ఇద్దరూ తగరని, మా చేతులు శుభ్రంగా ఉన్నాయని సంతోషించాం. మాలాగే మరికొందరూ ఇంట్లో ఉండిపోయారు. అతి కొద్ది ఓట్ల తేడాతో ఒకాయన గెలిచాడు. ఖబరస్తాన్ దారికి మట్టి వేయిస్తానని ఓడినాయన మాట ఇచ్చి ఉన్నాడు. గెలిచినాయన ఆ ఊసే ఎత్తలేదు. ఆ వర్షాకాలం ఒక జనాజాను మోకాటి లోతు నీళ్లలో మోసుకెళ్లాం. తిరిగి వస్తుంటే ఒక పెద్దాయన అన్నారు: "నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి బేటా. ఆ పిల్లల కాళ్లు చూడు."

ఓడినాయన గెలిస్తే దారి వేయించేవాడో లేదో అల్లాహ్‌కే తెలుసు. కానీ తూచి చూడాల్సిన బాధ్యత మాది. మేము తూచలేదు.

కనుక సోదరులారా! తెలుసుకోండి, తూచండి, ఇస్తిఖారా నమాజు చేసుకోండి, వెళ్లి ఓటు వేయండి. శక్తి మేరకు కృషి చేసి తీర్పు చెప్పిన న్యాయమూర్తి పొరబడినా ఒక పుణ్యం పొందుతాడని హదీసు (బుఖారీ, ముస్లిం). మీ తమ్ముడు మరొకరిని ఎంచుకుంటే అతని ఈమాన్‌ను శంకించకండి. గెలిచినవానికి భజన చేయకండి. అతని తప్పును మర్యాదగా, అతని ముఖం మీదే చెప్పండి. ఓటుతో మన సాక్ష్యం ముగియదు.

అల్లాహ్ మనకు సత్యాన్ని సత్యంగా చూసే చూపును, దాన్ని పలికే ధైర్యాన్ని ప్రసాదించుగాక! మన ఊళ్లను, మన దేశాన్ని శాంతితో ఉంచుగాక! ఆమీన్.