పోటీ పరీక్షల ప్రత్యేకం: ఆటిజం – కుటుంబాలకు చట్టాలు, ఆసరాలు

వికలాంగుల హక్కుల చట్టం–2016 నిర్వచనం ప్రకారం ఆటిజం అనేది సాధారణంగా తొలి మూడేళ్లలో బయటపడి, భావవ్యక్తీకరణను, ఇతరులతో మెలిగే తీరును ప్రభావితం చేసే నాడీ వికాస స్థితి. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన ఈ చట్టం, 1995 నాటి చట్టంలోని 7 వైకల్యాలను 21కి పెంచి, ఆటిజాన్ని వాటిలో చేర్చింది (తరచూ అడిగే ప్రశ్న). 40 శాతం, ఆపైన ధ్రువీకరణ పొందిన వైకల్యం ప్రామాణిక వైకల్యం. అలాంటి వైకల్యమున్న పిల్లలకు 6–18 ఏళ్ల మధ్య ఉచిత విద్యను సెక్షన్ 31, అలాంటి వ్యక్తులకు ప్రభుత్వోద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్‌ను సెక్షన్ 34 కల్పిస్తున్నాయి.

అభ్యర్థులు ఎక్కువగా తడబడేది నేషనల్ ట్రస్ట్ చట్టం–1999 దగ్గర. దీని సెక్షన్ 13 కింద ఏర్పడే స్థానిక స్థాయి కమిటీ, 18 ఏళ్లు నిండిన వ్యక్తికి సంరక్షకుని నియమించే దరఖాస్తును సెక్షన్ 14 కింద పరిశీలిస్తుంది. జిల్లా కలెక్టర్ ఇందులో సభ్యులు కనుక, ఉదాహరణకు కృష్ణా జిల్లాలోని గుడివాడ, దివిసీమ కుటుంబాలకు ఈ వ్యవహారపు కేంద్రం జిల్లా ముఖ్యపట్టణమైన మచిలీపట్నమే. దూరాభారం నిజమే కాని, ఈ కమిటీలు ఆచరణలో జిల్లా స్థాయిలోనే పనిచేస్తున్నాయి. ఈ ట్రస్ట్ అమలుచేసే నిరామయ పథకంలో ఆరోగ్య బీమా పరిమితి రూ.1 లక్ష, థెరపీలకూ వర్తిస్తుంది.

తొలిదశ గుర్తింపునకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, బడి ఈడు పిల్లలకు సమగ్ర శిక్ష భవిత కేంద్రాలు, శిక్షణ, పరిశోధనలకు 1984లో సికింద్రాబాద్‌లో నెలకొన్న మేధో వైకల్యాల జాతీయ సంస్థ, మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ 14416 ఉన్నాయి. ప్రపంచ ఆటిజం అవగాహన దినం ఏప్రిల్ 2. ఐరాస తీర్మానం 2007లో, తొలి దినోత్సవం 2008లో జరిగాయి కనుక, ఈ రెండు సంవత్సరాలను అభ్యర్థులు విడివిడిగా గుర్తుంచుకోవాలి.