మంచుసీమలో మిరప

తెలుగువారి పెరట్లో మిరప మొక్క ప్రత్యేకమైన సేవలను కోరదు. నూతిగట్టు దాపున ఒక గింజ పడితే చాలు, మొలిచి, పూచి, కాచి, రెండు మూడేండ్లపాటు ఇంటివారికి పచ్చిమిరపకాయలను అందిస్తుంది. పొలంలో మాత్రం కోతలు ముగియగానే రైతు మొక్కలను పీకివేసి నేలను మరో పంటకు సిద్ధం చేస్తాడు. అందువల్ల మిరప కొన్ని నెలల పైరు అనే అభిప్రాయం స్థిరపడింది. నిజానికి అది బహువార్షికం. వెచ్చదనం ఉన్నంతకాలం దాని కాండం ముదిరి, చేవదేరి, చిన్న పొదగా రూపొందుతుంది.

శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఇందుకు విరుద్ధంగా ఉండటం విచిత్రం. 1753లో స్వీడన్ దేశపు వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీనిని 'కాప్సికమ్ ఆన్యుయమ్' అన్నాడు. ఆన్యుయమ్ అంటే ఏడాది మొక్క. ఐరోపా తోటల్లో శీతకాలం రాగానే మిరప చనిపోతుంది కనుక, అక్కడివారి కంటికి దాని ఆయుర్దాయం అంతే! అంతకుముందే, 1542లో, జర్మనీకి చెందిన వైద్యుడు ఫుక్స్ తన ఓషధీగ్రంథంలో మిరప బొమ్మను ముద్రించి దానిని కాలికట్ మిరియంగా పరిచయం చేశాడు. అమెరికా ఖండంలో పుట్టి, కొలంబస్ యాత్రల పిమ్మట స్పెయిన్ చేరి, పోర్చుగీసు ఓడల్లో భారతదేశానికి వచ్చిన మొక్కను ఆయన భారతదేశపు సొత్తుగా ఎంచాడు. ఈ పొరపాటు నవ్వు పుట్టించినా, మొదటిది మాత్రం నేటికీ చలిదేశాల తోటమాలులను తప్పుదారి పట్టిస్తూనే ఉంది. బతికే శక్తిగల మొక్కను వారు ఏటా చెత్తకుప్పలో వేస్తున్నారు.

ఉత్తర అమెరికాలోని చికాగో పరిసరాలను తీసుకుందాం. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు గోంగూరతోపాటు మిరపను పెంచుకోవాలనే కోరిక సహజం. మే నెల సగం గడిస్తేనేగాని మిరప నారును ఆరుబయట నాటడం క్షేమం కాదు. అక్టోబరు రాగానే నీటిని గడ్డకట్టించే మంచు పొంచి ఉంటుంది. నాటిన నారు కాయలు పండించడానికి రెండు మూడు నెలలు కావాలి. భూత్ జొలోకియా వంటి అతి ఘాటైన రకాలకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. కొమ్మ నిండా కాయలు ఎర్రబడుతున్న వేళకే చలి ముంచుకొస్తుంది. అదే మొక్కను ఇంట్లో కాపాడుకోగలిగితే, మరుసటి ఏడు సిద్ధంగా ఉన్న వేళ్లతో, కాండంతో అది కొత్త నారుకంటే కొన్ని వారాలు ముందుగానే పూతకు వస్తుంది.

మంచు కురిసేదాకా వేచి ఉండటం పెద్ద పొరపాటు. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగితే మొక్క కణజాలంలోని నీరు గడ్డకట్టి, కణాల పొరలు చినిగిపోతాయి. మరునాటి ఉదయానికి ఆకులు ఉడికినట్లు నల్లబడి వేలాడతాయి. కాబట్టి రాత్రి ఉష్ణోగ్రత 10, 12 డిగ్రీలకు తగ్గుతున్నప్పుడే మొక్కను లోపలికి చేర్చాలి. ఉన్న మొక్కలన్నింటినీ బతికించాలనే ఆశ పనికిరాదు. తెగులు లేని ఒకటి రెండింటిని ఎన్నుకోవడం మేలు.

తర్వాతి పని పెంచినవారికి క్రూరంగా తోస్తుంది. పిందెలతో సహా కాయలన్నింటినీ కోసి, ఆకులు దూసి, కాండం మొదట చీలిన పంగకు బెత్తెడు పైదాకా కొమ్మలను కత్తిరించాలి. కిటికీలోంచి వచ్చే శీతకాలపు వెలుగు అన్ని ఆకులకు ఆహారం తయారుచేయడానికి చాలదు. పైగా ఆ ఆకులు నీటిని ఆవిరిగా విడుస్తూనే ఉంటాయి. చల్లని మట్టిలోని వేళ్లు ఆ నష్టాన్ని పూడ్చలేవు. ఆ పిమ్మట వేళ్లకున్న పాత మట్టిని కడిగి, మరీ పొడవైన వేళ్లను కత్తిరించి, అడుగున రంధ్రమున్న చిన్న కుండీలో కొత్త మట్టితో నాటాలి. పాత మట్టిలో, ఆకుల అడుగున పేనుబంక దాగి ఉంటుంది. ఆరుబయట దానిని తినే అక్షింతల పురుగులు ఇంట్లో ఉండవు కనుక, ఒక్క పురుగు మిగిలినా కొద్ది వారాల్లో మొక్కంతా కమ్ముకుంటుంది. పలుచని సబ్బునీటితో కాండాన్ని తుడవడం అందుకే. హీటరు వల్ల గాలి పొడిబారిన గదిలో నల్లి బెడద కూడా హెచ్చు.

ఇలా సిద్ధమైన మొక్కను 10 నుంచి 15 డిగ్రీల చలిలో, కొంత వెలుగు సోకే గదిలో ఉంచితే అది నిద్రావస్థలోకి జారుకుంటుంది. దీపాలు అమర్చి వెచ్చని గదిలో పచ్చగా పెంచేవారూ ఉన్నారుగాని, ఖర్చు, శ్రమ రెండూ అధికం. నిద్రించే మొక్కకు ప్రధాన శత్రువు చలి కాదు, యజమాని వాత్సల్యం. మోడైన కొమ్మను చూసి మనసాగక రోజూ నీరు పోస్తే, చల్లని తడిమట్టిలో వేళ్లు కుళ్లిపోతాయి. మట్టిలో వేలు గుచ్చి చూసి, పొడిగా తగిలినప్పుడు మాత్రమే కొద్దిగా పోయాలి. సాధారణంగా రెండు మూడు వారాలకొకసారి సరిపోతుంది. ఎరువు అసలే వద్దు.

జనవరి నాటికి కుండీలో మిగిలేది ఎండుపుల్ల వంటి కాండం. చాలామంది మొక్కను పారవేసేది అప్పుడే. గోటితో బెరడును కాస్త గీకితే నిజం తెలుస్తుంది. లోపల పచ్చగా ఉంటే ప్రాణమున్నట్లు. గోధుమరంగు కనిపిస్తే ఆ కొమ్మ పోయినట్లు. అప్పుడు ఇంకొంచెం కింద గీకి చూడాలి.

మార్చి నాటికి పొద్దు పెరుగుతుంది. కుండీని వెచ్చని కిటికీ దగ్గరకు మార్చి, నీరు క్రమంగా పెంచితే కణుపుల వద్ద చిగుళ్లు పొడుస్తాయి. ఇంట్లోనే పూత వస్తే కొమ్మను వేలితో మెల్లగా తట్టాలి. మిరప పువ్వు తన పుప్పొడితోనే కాయ కట్టగలదుగాని, దానిని రాల్చడానికి గాలి కదలిక ఉండాలి. మే నెలలో ఒక్కసారిగా ఎండలో పెడితే లేత ఆకులు తెల్లగా మాడిపోతాయి. మొదటిరోజు నీడలో ఒక గంట, తర్వాత మరికొంతసేపు చొప్పున పదిరోజులు అలవాటు చేసి, రాత్రుల చలి తగ్గాక నేలలో నాటుకోవచ్చు. ఇలా కొన్ని శీతకాలాలు దాటించిన మీదట కాపు పలచబడితే, ఆ మొక్క గింజలనే మళ్లీ మొలకెత్తించడం మంచిది. సంకరజాతి మొక్క అయితే మాత్రం దాని గింజలకు తల్లి గుణాలు రాకపోవచ్చు.