ఉమ్మడి చెరువు – ఎవరి పూచీ?

“ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చె” నను సామెత మన పల్లెలలో విననివారుండరు. పదిమందికి హక్కు గల గొర్రెకు పుండు పడినపుడు, మందు వేయవలసినవాడు తానేయని ఎవ్వరును తలపరు. ఉన్ని కత్తిరించు దినమున మాత్రము పదిమందియు వత్తురు. ఈ సామెతను తరగతిలో ఎన్నిమార్లో బోధించితిని. అది నా ఇంటనే నిజమగునని ఆనాడు తోచలేదు.

మా ఊరి చెరువు చిన్నది. వరుసగా వానలు లేని సంవత్సరములలో నీరు కట్టదగ్గరకు జరిగిపోయి, లోతట్టు భూమి బయటపడెను. మా తండ్రిగారు అందులో రెండెకరములు దున్ని జొన్న చల్లిరి. మరుసటి యేడు మరి ఇద్దరు దున్నిరి. క్రమముగా పదునొకండు కుటుంబములవారు చెరువులోనికి దిగిరి. పిమ్మట ఒక యేడు మంచి వానలు కురిసినవి. నీరు పెరిగి పైరును తాకనారంభించెను. ఒకనాటి రాత్రి ఎవరో అలుగురాళ్లు తొలగించిరి. నిలువవలసిన నీరు వాగుపాలయ్యెను. ఆయకట్టు చివరనున్న మళ్లకు ఆఖరి తడి అందక, వరి పొట్టమీద నుండగానే ఎండిపోయెను. అందులో ఒక మడి మా బడిలో చదువుచున్న బాలుని తండ్రిది. రాళ్లను తీసిన చేయి మాది కాదు. కాని ఆ అవసరము కల్పించిన నాగళ్లలో మొదటిది మాది.

తండ్రిగారు కాలము చేసిన పిదప, ఆ రెండెకరములు విడిచిపెట్టుదమని తమ్మునితో చెప్పితిని. “మనం విడిచిపెడితే పక్కోడు దున్నుకుంటాడు గదన్నా!” అని అతడనెను. ఆనాడు నావద్ద సమాధానము లేకపోయెను. ఆ సమాధానమును వెదకుటయే ఈ పాఠము.

పక్కవాని వాదము

మా తమ్ముడు పలికిన మాటనే 1968లో గారెట్ హార్డిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక ప్రసిద్ధ వ్యాసములో విస్తరించి చెప్పెను. అందరికిని తెరచియున్న పచ్చిక బయలు ఒకటి కలదనుకొందము. ఒక కాపరి తన మందకు మరియొక పశువును చేర్చినచో, దానివలని లాభమంతయు అతనిదే. తరిగిన పచ్చికవలని నష్టము మాత్రము అందరిపైనను పంచబడును. కావున ప్రతి కాపరియు పశువులను పెంచుచునే పోవును. తుదకు బయలు బీడగును. ఈ వాదమును పట్టుకొని పలువురు, ఉమ్మడి సొత్తును వ్యక్తులకు పంచివేయవలెను, లేదా ప్రభుత్వము స్వాధీనము చేసికొనవలెను, మూడవ దారి లేదని తీర్మానించిరి.

కాని 1994లో హార్డిన్ తానే మరియొక వ్యాసము వ్రాసి, తాను చెప్పిన దుర్గతి నిర్వహణ లేని ఉమ్మడి సొత్తుకు చెందినదని సవరించుకొనెను. ఈ భేదము చిన్నది కాదు. గొర్రె చచ్చినది ఉమ్మడిది యగుటచేత కాదు. దానిని చూచువాని వంతు నిర్ణయింపబడకపోవుటచేత. అట్లు కానిచో మన సీమలోని ఉమ్మడి చెరువులు వందల యేండ్లు ఎట్లు నిలిచినవి?

శాసనము చెప్పినదేమి?

కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనము క్రీ.శ. 1369 నాటిది. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పని చేసినట్లు ఆ శాసనములో కలదు. మంచి చెరువునకు పండ్రెండు సాధనములను, ఆరు దోషములను అది లెక్కించినది. గట్టి నేల, తీయని నీటి వాహిని, రాతికట్ట, లోతైన విశాల గర్భము, దాపున రాతిగని, పని నేర్చిన వారు మొదలగునవి సాధనములు. కట్టనుండి నీరు ఊరుట, చవుటి నేల, గర్భము నడుమ మెరక, నీరు తక్కువై నేల హెచ్చగుట, నేల తక్కువై నీరు హెచ్చగుట – ఇవి దోషములలో ఐదు.

మిగిలిన దోషమును పాఠకులు శ్రద్ధగా గమనింపవలెను. రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట! తక్కినవన్నియు మట్టిని, నీటిని గూర్చినవి. ఇది మనుష్యులను గూర్చినది. ఇద్దరిదైన చెరువు విషయమున ఆజ్ఞ ఎవరిదో, పూచీ ఎవరిదో తేలదు. కట్ట ఎంత గట్టిదైనను ఆ లోపమును పూడ్చజాలదు.

కట్టిన చెరువును కాచుటకు మన సీమలో మూడు ఏర్పాట్లు ఉండెడివి. మొదటిది దశబంధము. చెరువును కట్టించినవారికి గాని, బాగుచేయించినవారికి గాని దాని క్రింది భూమిలో కొంత ఇనాముగా ఇచ్చి, దానికి బదులు మరమ్మతు భారము వారిపై నుంచెడివారు. రెండవది రైతుల శ్రమ. వానలకు ముందు కాలువల పూడిక తీయుట, గండ్లు పూడ్చుట ఊరివారి విధి. దీనిని కుడిమరామత్తు అనిరి. 1858లో మద్రాసు ప్రభుత్వము ఈ శ్రమను చట్టముచేత నిర్బంధము చేయవలసివచ్చెను. ఆచారమునకు చట్టపు కర్ర తోడు కావలసివచ్చినదనగా, ఆచారము అప్పటికే సడలుచున్నదని గ్రహింపవచ్చును.

మూడవవాడు నీరుగంటి. తూము ఎత్తుట, దించుట, మడివెంట మడికి వంతు ప్రకారము నీరు పెట్టుట అతని పని. నీరుగంటి ఉన్నచోట రైతు తన మడికి తానే నీరు మళ్లించుకొనరాదు. కళ్లమువద్ద ప్రతి రైతు ఇంత గింజయని అతనికి కొలిచెడివాడు. అతని కూలి ఎక్కడి కచేరీనుండియో రాక, తాను నీరు పెట్టిన రైతుల చేతులనుండియే వచ్చుటచేత, అతడు ఆ రైతులకు జవాబుదారి.

కర్నూలు పల్లెల సాక్ష్యము

ఇది పూర్వకాలపు ముచ్చటయని కొందరు అనవచ్చును. 1980 ప్రాంతమున రాబర్ట్ వేడ్ అను పరిశోధకుడు కర్నూలు జిల్లాలోని 41 గ్రామములను పరిశీలించి, 1988లో గ్రంథము ప్రచురించెను. కొన్ని గ్రామములలో ప్రభుత్వ పంచాయతితో సంబంధము లేకయే ఒక పెద్దల సభ, ఊరుమ్మడి నిధి, పొలము కాపరులు, ఉమ్మడి నీరుగంట్లు ఉండుట ఆయన చూచెను. కోతలైన పిదప మోళ్లలో గొర్రెలను మేపుకొను హక్కును మందలవారికి అమ్మి, ఆ సొమ్మును ఊరి నిధికి జమకట్టుచుండిరి.

ఐతే అన్ని ఊళ్లలోను ఈ కట్టుబాటు లేదు. ఉన్న ఊళ్లు ఎక్కువగా కాలువల చివరి భాగమున ఉన్నవి. కాలువ తలదగ్గరి వారికి నీటికి కొరత లేదు. కావున కట్టుబాటు అవసరము కాలేదు. చివరివారికి నీరు తప్పినచో పంటయే లేదు. వారు తలదగ్గరి వారికంటె పుణ్యాత్ములై కూడలేదు; కూడకున్న నష్టపడుదుమని తెలిసి కూడిరి. ధర్మపన్నములు చెప్పు మావంటి ఉపాధ్యాయులు ఈ మాట గుర్తుంచుకొనవలెను. మంచితనమును బోధించుట మాత్రమే చాలదు. మంచిగా నడచినవాడు మోసపోని ఏర్పాటు ఉండవలెను.

ఎనిమిది సూత్రములు

ఎలినార్ ఆస్ట్రోమ్ అను విదుషి అనేక దేశముల ఉమ్మడి నీటివనరులను, అడవులను, పచ్చికబయళ్లను గూర్చిన పరిశోధనలను పోల్చి చూచి 1990లో గ్రంథము వెలువరించెను. అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమెయే (2009). దీర్ఘకాలము నిలిచిన ఏర్పాట్లలో ఆమె కనుగొన్న లక్షణములను మన చెరువుకు అన్వయించి చెప్పెదను.

1. హద్దు: చెరువు ఎంతవరకో, ఆయకట్టుదారులెవరో స్పష్టముగా తెలియవలెను.

2. తగిన నియమము: నీటి వాడకము, మరమ్మతు భారము ఆ చోటికి తగినట్లుండవలెను. స్విట్జర్లాండులోని టోర్బెల్ అను పల్లెలో, చలికాలమున మేపగలిగినన్ని ఆవులనే వేసవిలో కొండపచ్చికకు తోలవలెనను నియమము 1517 నుండి కలదు.

3. మాట: నియమమునకు లోబడువారికి దానిని మార్చుటలో మాట ఉండవలెను.

4. కాపు: కాచువాడు వాడుకొనువారికి జవాబుదారి కావలెను.

5. తప్పునకు తగిన శిక్ష: మొదటి తప్పునకు స్వల్పము, మరల చేసినచో అధికము.

6. తగవు: దూరపు కోర్టులకు పోనక్కరలేక, తక్కువ ఖర్చుతో దగ్గరలోనే తీరవలెను.

7. గుర్తింపు: ఊరివారు చేసికొన్న కట్టుబాటును ప్రభుత్వము త్రోసివేయరాదు.

8. గొలుసు: పెద్ద వ్యవస్థలో చిన్నది ఇమిడియుండవలెను. పై చెరువు అలుగు క్రింది చెరువునకు జీవనాధారమగు గొలుసుకట్టులో ఈ సూత్రము కన్నులకు కట్టును.

ఆంధ్రప్రదేశ్‌లో 1997లో చేసిన రైతుల నీటి నిర్వహణ చట్టము క్రింద పదివేలకు పైగా నీటి సంఘములు ఏర్పడినవి. పంచాయతి భూములలోని అక్రమ ఆక్రమణలను తొలగించుటకు పథకములు సిద్ధపరుపవలెనని 2011 జనవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రములన్నింటిని ఆదేశించెను. ఆ వ్యాజ్యము పంజాబులోని ఒక ఊరి చెరువును పూడ్చుటనుండి పుట్టినది. ఇవి ఏడవ సూత్రమునకు బలము. హద్దురాయి వద్ద నిలువబడవలసినవారు మాత్రము ఊరివారే.

పాత కట్టుబాటులోని మచ్చ

పాత ఏర్పాటును పొగడుచు దాని దోషమును దాచరాదు. నీరుగంటి పని తరచుగా అంటరానివారని నెట్టివేయబడిన కులములవారిది. నీరు అందరికిని పంచిన చేతికి ఊరి బావిలో నీరు చేదుకొను హక్కు లేకుండెను. పెద్దల సభలో భూవసతి గలవారే కూర్చుండిరి. కర్నూలు గ్రామములలోను పెత్తనము అట్టివారిదే. మూడవ సూత్రము అక్కడ సగమే నెరవేరినది.

బసవేశ్వరుల బోధ ఇచ్చట మనకు నేరుగా పనికివచ్చును. ఏ కాయకమును హీనము కాదు. తూము దించు చేయి, పూజ చేయు చేయి సమానము. కాయకమువలన వచ్చినదానిని సమాజమునకు సమర్పించుటయే దాసోహము. సొన్నలిగెలో, అనగా నేటి సోలాపురమున, సిద్ధరామేశ్వరుడు చెరువు త్రవ్వించెనని శరణుల చరిత్రలు చెప్పుచున్నవి. త్రవ్వించుట ఒకనాటి మహత్కార్యము. పూడిక తీయుట ఏటేటి కాయకము. మొదటిదానికి శాసనము వేయుదురు, రెండవదానికి వేయరు. చెరువు నిలుచుట మాత్రము రెండవదానివలననే.

తమ్మునికి చెప్పిన సమాధానము

“పక్కవాడు దున్నుకొను” నని మనము మనసులో అనుకొనునప్పుడే, పక్కవాడును మనలను గూర్చి అదే మాట అనుకొనుచున్నాడు. ఒక్కడు విడిచినచో త్యాగము. అందరు ఒకే దినమున విడిచినచో కట్టుబాటు. కావున నేను తమ్మునితో, “మనము ఒంటరిగా విడువవద్దు, పదుమువ్వురిని కాదు, ఆ పదునొకండుగురినే పిలుతము” అంటిని. చావడిలో కూర్చుంటిమి. చివరి మళ్లవారిని, భూమి లేక చెరువులో చేపలు పట్టి బ్రతుకువారిని కూడ పిలిచితిమి. మూడు రాత్రుల వాదము పిమ్మట ఏడు కుటుంబములవారు సమ్మతించిరి. ఏడుగురి భూమి వెంబడి ఒకే ఉదయమున హద్దురాళ్లు పాతితిమి. మొదటి రాయి మా రెండెకరముల యంచున పడినది. ఎకరమునకు ఇంతయని చందా వేసికొని ఒక నీరుగంటిని కుదుర్చుకొంటిమి. చావడిలో అతనికిని చాప వేసితిమి.

నలుగురు ఇంకను విడువలేదు. వారితో మాటలాడుట మానలేదు. నాడు పంట పోగొట్టుకొన్న ఆ బాలుని తండ్రి మొన్న నన్నడిగెను: “సారూ, వచ్చే యేడు గూడా ఈ కట్టుబాటు ఉంటాదా?” నీరుగంటి కూలి వేళకు అందినచో ఉండునని చెప్పితిని. ఈ సంవత్సరము ఆ చందా వసూలు చేయు వంతు నాది.

మననమునకు ప్రశ్నలు

1. మీ ఊరి చెరువునకు హద్దు ఎక్కడనో మీలో ఎందరికి తెలియును?

2. నేడు తూము దించువాడెవరు? అతనికి కూలి ఎవరిచ్చుచున్నారు?

3. మీ ఊరి ఉమ్మడి సొత్తును గూర్చి నిర్ణయములు చేయు చోట ఎవరు లేరు?