నీళ్లు ఒక్కటే చాలవు
ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

ప్రశ్న: పరగడుపున రెండు లీటర్లు, రోజు మొత్తానికి ఆరు లీటర్లు నీళ్లు తాగితే ఒంట్లో విషాలన్నీ పోతాయని యూట్యూబ్‌లో విని మొదలుపెట్టాను. వారం నుంచి తలనొప్పి, వికారం. విషాలు బయటికి పోతున్నట్టేనా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాదు. డెబ్బై కిలోల మగమనిషి ఒంట్లో దాదాపు 42 లీటర్ల నీరు ఉంటుంది. మూడింట రెండు వంతులు కణాల లోపల, మిగతాది రక్తంలోనూ కణాల చుట్టూనూ. ఇది ఉత్త నీరు కాదు. సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్ అందులో అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న రేణువులుగా కరిగి ఉంటాయి. కణం బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఈ తేడా చెరిగిపోకుండా కణం పొరలో ఒక పంపు రేయింబవళ్లు పనిచేస్తుంది. విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెచ్చుకుంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో దీని గురించి ప్రకటించాడు. ఆ పనికే 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. నరం కబురు మోయాలన్నా, కండరం ముడుచుకోవాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా ఆ తేడా ఉండాల్సిందే.

రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. మూత్రపిండాలు బయటికి పంపగలిగిన దానికంటే వేగంగా నీళ్లు లోపలికి చేరితే సోడియం పలచబడుతుంది, నీరు కణాల్లోకి చొరబడి వాటిని ఉబ్బిస్తుంది. మిగతా అవయవాలు కొంత ఉబ్బినా తట్టుకుంటాయి. పుర్రెలో ఇరుక్కున్న మెదడుకు ఆ వెసులుబాటు లేదు. తలనొప్పి, వికారం దాని తొలి గుర్తులు కావచ్చు. ముదిరితే మగత, ఫిట్స్ వస్తాయి. వ్యర్థాలను తీసేసే పని కాలేయం, మూత్రపిండాలు పుట్టిన నాటి నుంచీ చేస్తూనే ఉన్నాయి, వాటికి ఈ అభిషేకం అక్కర్లేదు. దాహానికి తాగాలి. ఎండలో పనిచేసేవాళ్లు ఇంకాస్త ఎక్కువ తాగాలి, మధ్యమధ్య ఉప్పు వేసిన మజ్జిగ పుచ్చుకోవాలి. ఆరు లీటర్ల వ్రతం ఈ రోజే మానేసి, రక్తంలో సోడియం పరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: ఏడాదిన్నర పాపకు రెండు రోజులుగా విరేచనాలు. ఓఆర్‌ఎస్‌లో ఉప్పు ఎక్కువని భయమేసి సగం ప్యాకెట్టే గ్లాసు నీళ్లలో కలిపి పడుతున్నాను. నా పాలు కూడా ఆపేశాను. పాప నీరసంగా ఉంది. నా వల్లే తప్పు జరిగిందా? – ఒక తల్లి, ఒంగోలు

జవాబు: తప్పు జరిగింది, కానీ అది దిద్దుకోగలిగిందే. ఆ తల్లి తనను తాను నిందించుకోవాల్సిన పని లేదు. లీటరు నీళ్లకు చేసిన పొడిలో సగం 200 మిల్లీలీటర్ల గ్లాసులో పడితే ద్రావణం పలచన కాదు, రెండున్నర రెట్లు చిక్కనవుతుంది. చిక్కని ద్రావణం పేగులోకి ఇంకా నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది.

విరేచనంతో నీరొక్కటే పోదు, సోడియం, పొటాషియం కూడా పోతాయి. పేగు గోడలో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళ్తాయి. వాటి వెంట నీరు వెళ్తుంది. విరేచనాలు జోరుగా ఉన్నప్పుడు కూడా ఈ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో బన్‌గావ్ శిబిరం నిండిపోయి, కలరా చెలరేగి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ నమ్ముకున్నది ఈ దారినే. ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతే తాగించాడు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకు వచ్చాయి.

ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని ఉంటే అన్ని నీళ్లలో ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి. విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. మిగిలింది 24 గంటల తర్వాత పారబోయాలి. తల్లిపాలు ఆపకూడదు. జింక్ మందు 14 రోజులు వేయాలి. డబ్బాల్లో దొరికే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. వాటిలోని అధిక చక్కెర పిల్లలకు హాని చేస్తుందని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. అలాంటి పానీయాలకు ఓఆర్‌ఎస్ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. పాప కళ్లు లోపలికి పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: అమ్మకు 68 ఏళ్లు. ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ‘ఒక్కదానికి ఏం వండుకుంటాలే’ అంటుంది. నీరసమంటే నెలకోసారి ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కిస్తాడు, నాలుగు రోజులు హుషారుగా ఉంటుంది. పదిహేను రోజులకోసారి పెట్టించొచ్చా? – ఒక కూతురు, బెంగళూరు

జవాబు: పెట్టించకూడదు. అరలీటరు సెలైన్ సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్లే. గ్లూకోజు సీసా అయితే 25 గ్రాముల చక్కెర. దానిలోని శక్తి ఒకటి రెండు ఇడ్లీలకు మించదు. ఇంజక్షన్ కలపగానే సీసా పసుపుపచ్చగా మారితే బలమైన మందనిపిస్తుంది. అది బి విటమిన్ రంగు.

సెలైన్ గొప్పదే, అవసరమైన చోట. 1832లో స్కాట్లాండ్ వైద్యుడు థామస్ లాటా కలరాతో ఒళ్లు చల్లబడిన రోగుల రక్తనాళాల్లోకి ఉప్పునీళ్లు ఎక్కించి కొందరిని బతికించాడు. అందులో ఏ లవణాలుండాలో తేలడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పు ద్రావణంలో ఉంచితే అది గంటల తరబడి కొట్టుకునేది. ద్రావణాన్ని కుళాయి నీళ్లతో చేశారని తర్వాత బయటపడింది. స్వేదనజలంతో చేయగానే గుండె కాసేపటికే ఆగిపోయింది. కుళాయి నీళ్లలోని కొద్దిపాటి కాల్షియమే గుండెను ఆడించిందని రింగర్ 1883లో ప్రకటించాడు. నేడు ఆసుపత్రుల్లో వేలాడే రింగర్ లాక్టేట్ సీసా మీద ఉన్నది ఆయన పేరే. అది నోటితో తాగలేనివాళ్లకు, షాక్‌లోకి వెళ్లినవాళ్లకు, ఆపరేషన్ జరిగేవాళ్లకు. నడిచొచ్చి మంచమెక్కే పెద్దావిడకు కాదు. గుండె, మూత్రపిండాలు బలహీనంగా ఉన్న వయసులో సీసా గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. సూది శుభ్రంగా లేకపోతే రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ చేరుతుంది.

నీరసానికి కారణం వెతకాలి. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం పరీక్షలు చేయించాలి. మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్ర వాడుతూ ఉప్పు బాగా తగ్గించిన పెద్దవాళ్లలో సోడియం పడిపోయి నీరసం, తడబాటు, మతిమరుపు రావడం తరచూ కనిపించేదే. ఇక హుషారు సంగతి. సీసా ఎక్కుతున్న గంటసేపు ఎవరో ఒకరు ఆమె పక్కన కూర్చుంటారు, చెయ్యి పట్టుకుంటారు, మాట్లాడతారు. ఒక్కదానికే అని పొయ్యి వెలిగించని మనిషికి అదే బలం. కూతురు అడగాల్సింది సెలైన్ ఎన్నాళ్లకోసారి అని కాదు, అమ్మ పూటపూటా ఏం తింటోందని.

ప్రశ్న: కిడ్నీలు సగం దెబ్బతిన్నాయన్నారు. బీపీకి మంచిదని తక్కువ సోడియం ఉప్పు, రోజూ రెండు కొబ్బరిబొండాలు మొదలుపెట్టాను. – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: రెండూ ఇవాళే ఆపాలి. ఆ ఉప్పులో సోడియం బదులు కొంత పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కొబ్బరినీళ్లలోనూ పొటాషియం ఎక్కువే. పనిచేయని మూత్రపిండం దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పొటాషియం లీటరుకు 5 మిల్లీమోల్స్ దాటి పెరిగేకొద్దీ గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది, ముందుగా ఏ బాధా తెలియకపోవచ్చు. వెంటనే పొటాషియం పరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: బోరునీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందా? – ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: పోదు. నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట కూడా ఒకటిన్నర దాటకూడదు. పాలపళ్లు రాలి కొత్త పళ్లు రావాల్సిన పిల్లలున్న ఇంట్లో పరీక్ష చేయించని బోరునీళ్లు తాగడానికి వాడవద్దు.