లెక్కల పిచ్చి మంచిదేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. లెక్కలు, ఫిజిక్స్ అంటే ప్రాణం. ఎవరేం చెప్పినా ‘ఎందుకు? ఎంత?’ అని నిలదీస్తాడు. చుట్టాల ముందు తల కొట్టేసినట్టుంటోంది. మొండివాడవుతాడేమోనని భయం.
– ఒక తల్లి, మేడ్చల్

జవాబు: అమ్మా, అంత కంగారు అక్కర్లేదు. ఈ ఆదివారం వాణ్ని శామీర్‌పేట చెరువు కట్ట మీదికి తీసుకెళ్లి ఒకటడగండి: లోతు ఇంతే ఉండి, చెరువు రెండింతలు విశాలమైతే కట్టకు ఇంకా బలం కావాలా? మనలో చాలామందిమి అవుననే అంటాం. కానీ నిలిచిన నీటి ఒత్తిడి లోతును బట్టే ఉంటుంది, విస్తీర్ణాన్ని బట్టి కాదు. మీటరు లోతున చదరపు మీటరుకు సుమారు టన్ను, మూడు మీటర్ల లోతున మూడు టన్నులు. కట్టను అడుగున వెడల్పుగా పోయడానికి ఇదొక కారణం. కంటికి పెద్దగా కనిపించగానే భయపడిపోని చూపు మీవాడికి అబ్బుతోంది.

ఇక మొండితనం సంగతి. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో ఒక హద్దు చూపించారు. చేతిలో ఉన్న సమాచారంతో, పక్షపాతం లేకుండా ఎంత తెలివిగా అంచనా కట్టినా, అందులోని అనిశ్చితి ఆ హద్దు కంటే తగ్గదు. లెక్క ముదిరితే ఈ వినయం కూడా వస్తుంది. పదిహేడేళ్లకే రమ్మంటే ఎలా లెండి!

చుట్టాల దగ్గర గొంతు తగ్గించడం మాత్రం సిలబస్‌లో లేదు, మీరే నేర్పాలి. అన్నట్టు, మీకు దగ్గర్లోని బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లో ఇంజినీరింగే కాదు, ఎమ్మెస్సీ గణితం, ఫిజిక్స్ కూడా ఉన్నాయి. ఆ మాట వాడి చెవిన వేయండి.