తమ్ముడి డాలర్లు, పాప చదువు

ప్రశ్న: మా చర్చిలో తల్లిదండ్రులు లేని పాపను మిషన్ స్కూల్లో చదివిస్తానని అమెరికాలోని మా తమ్ముడు అంటున్నాడు. డబ్బు చర్చి ఖాతాకు పంపవచ్చా?
– ఒక పాఠకురాలు, చిలకలగూడ

జవాబు: ముందు తమ్ముడి పాస్‌పోర్టు ఏ దేశానిదో కనుక్కోండమ్మా. మనదే అయితే, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరుడైతే, ఓసీఐ కార్డున్నా విదేశీ విరాళమే. అప్పుడు చర్చికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం సొమ్ము ముందు న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఈ అనుమతుల చిక్కుల్లోనే 2017లో పేద పిల్లలకు సాయం చేసే అమెరికా క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ మన దేశంలో పని ఆపేసింది, 1.4 లక్షలకు పైగా పిల్లలకు ఆసరా పోయింది. తలచుకుంటే ఇప్పటికీ బాధే. పాప అనాథాశ్రమంలో ఉంటే, దానికి బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందేమో చూడండి. ఫీజు రసీదు మీద పాప పేరు, తరగతి రాయించుకోండి. పదో తరగతి దాకా ఆపకుండా పంపగలడా అని తమ్ముణ్ణి ఇప్పుడే అడగండి.